పాండరాంగ్ మట్టి

డెబ్భై ఆరో సంవత్సరం ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం, హిందూపురంలో మా ఇంటి ముందు జట్కా ఆగింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. వసారాలో కూర్చుని దిండు గలీబులు కుడుతున్నాను. మా నాయన లాల్‌సాబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ వేళకి ఆయన పనిగదిలో ఉన్నాడు. అవ్వ నడిమింట్లో చాప మీద నడుం వాల్చింది.

జట్కాలోంచి దిగిన మనిషిని చూసి నా సూది ఆగిపోయింది. నలభై ఏళ్ళుంటాయేమో. పొట్టి మనిషి, ఎండకు కమిలిన రంగు, వెడల్పాటి చెంపలు. చీలమండల దాకా నల్లటి లుంగీ లాంటి గుడ్డ, మోకాళ్ళు దాటిన పొడుగు చేతుల అంగీ, తలకు చుట్టుకున్న తెల్ల తువ్వాలు. భుజానికి ఒక సంచి. రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్న చిన్న మూట. జట్కా వెంట వచ్చిన పిల్లలు చీనామె, చీనామె అంటున్నారు.

ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చి, “దూదేకుల లాల్‌సాబ్ ఇల్లు ఇదేనా అప్పా?” అంది.

నేను ఆమె నోటివైపే చూస్తుండిపోయాను. ఆడపిల్లను పట్టుకుని అప్పా అన్నందుకు కాదు. అది మా తెలుగు. ఎవరో పుస్తకంలో చూసి నేర్చుకున్న తెలుగు కాదు. మా వీధిలో మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునే మాట, అదే సాగదీత, అదే విరుపు. నేను తేరుకునేలోపే లోపల చాప చప్పుడైంది. గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వెయ్యలేని మా అవ్వ రోషన్‌బీ, పైట కూడా సర్దుకోకుండా గడప దాకా వచ్చేసింది.

“సాబ్జానూ,” అంది.

సాబ్జాన్ మా చిన్నాయన. నేను పుట్టకముందే, యాభై ఐదులో, మద్రాసులో ఓడెక్కి వియత్నాం దేశంలోని సైగాన్‌కు పోయాడు. ఫ్రెంచి వాళ్ళు ఆ దేశాన్ని వదిలి వెళ్ళిపోతున్న రోజులవి. కారైక్కాల్ సాయిబు ఒకాయన అక్కడ బట్టల అంగడి నడుపుతూ నమ్మకమైన మనిషి కావాలంటే, ఇక్కడ నారాయణస్వామి శెట్టి అంగడిలో పని నేర్చుకున్న మా చిన్నాయన బయల్దేరాడు. ఆరేళ్ళకు, అక్కడి పిల్లను నిఖా చేసుకున్నానని ఉత్తరం రాశాడు. అవ్వ దానికి జవాబు రాయించలేదు. తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివించుకోలేదు. అరవై ఎనిమిది తర్వాత ఉత్తరాలే రాలేదు. ఎవతో నా కొడుకును ఆడనే కట్టేసుకునింది అనేది అవ్వ, ఎవరు ఎప్పుడు అడిగినా.

ఇప్పుడు ఆ అవ్వ ఎదుట ఆమె నిలబడి ఉంది. అవ్వ ఆమెను చూడటం లేదు. ఆమె భుజం మీదుగా జట్కా వైపు చూస్తోంది, ఇంకా ఎవరో దిగుతారన్నట్టు.

“ఆయప్ప రాల్యా,” అందామె. “నేనే తెచ్చినా.”

చేతిలోని మూటను అవ్వ చేతుల్లో పెట్టింది.

అంతకు ముందు ఏడాది, ఆ దేశంలో యుద్ధం ముగిసిపోయే నెలలో, సంత మీద గుండు పడి సాబ్జాన్ చనిపోయాడు. ఆమె పేరు హలీమా. భర్త భారతదేశం మనిషి కాబట్టి, ఇక్కడివాళ్ళను వెనక్కి పంపించే విమానంలో ఆమెకూ చోటిచ్చారు. మద్రాసులో దిగి, గుంతకల్లులో రైలు మారి వచ్చింది. ఆ మూటలో ఉన్నది ఆయన సమాధి మీది మట్టి. ఇదంతా మా నాయన అడుగుతూ ఉంటే ఒక్కొక్కటిగా చెప్పింది. నాయన మధ్యలోనే దూది అంటిన చేతులతో ముఖం కప్పుకుని కూర్చుండిపోయాడు. అవ్వ మాత్రం ఏడవలేదు. మూటను తీసుకెళ్ళి నడిమింట్లో గూట్లో పెట్టింది. తర్వాత పదకొండు రోజులు హలీమాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ పదకొండు రోజులూ ఆమెకు అన్నం పెట్టడం, నీళ్ళు తోడివ్వడం, పక్కన పడుకోవడం నా వంతయింది. నేను అంతవరకు అనంతపురం కూడా చూసినదాన్ని కాను. ఆమె మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. సాబ్జాన్ సైగాన్ విడిచి ఆమె ఊళ్ళో అంగడి పెట్టుకున్నాక, ఆ ఊళ్ళో తెలుగు తెలిసినవాడు ఆయన ఒక్కడేనట. మాట మరిచిపోతానేమోనన్న భయంతో రోజూ పొద్దుపోయాక ఆమెకు నేర్పేవాడట. మా వీధి, మా చింతచెట్టు, నాయన దూదేకే విల్లు మీటితే వచ్చే చప్పుడు, అవ్వ చేసే బొరుగుల ఉగ్గాని, అన్నీ ఆమెకు తెలుసు. నేను మాత్రం తెలీదు. పద్నాలుగేళ్ళు ఒకే ఒక్క మనిషి నోట విన్న భాష అది.

“ఈ మాట లోకంలో ఆయప్ప ఒక్కనిదే అనుకుంటి,” అంది ఒకరోజు. “ధర్మవరం కాడ రైల్లో ఎక్కినోళ్ళు అందురూ సాబ్జాన్ మాదిరి మాట్లాడతాంటే నాకు ఒళ్ళు జలదరించిపాయ.”

ఆడవాళ్ళను అప్పా అనకూడదని, అక్కా అనాలని చెప్పాను. తల ఊపింది. మర్నాడు మా అమ్మను మళ్ళీ ఏమప్పా అనే పిలిచింది.

ఆ వారంలోనే పలకరింపుకు నారాయణస్వామి శెట్టి వచ్చాడు. అరవై దాటిన పెద్దమనిషి. ఏకాదశికి ఏకాదశికి తన ఇంట్లో పాండురంగ భజన పెట్టిస్తాడు. తన అంగడిలో పెరిగిన పిల్లవాడు పోయాడని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఏదో ఒకటి అడగాలి కాబట్టి హలీమాను ఆమె ఊరి పేరు అడిగాడు.

“కాగితాల్లో ఫాన్‌రాంగ్ అని ఉంటాది. మా ముసలోళ్ళు పాండరాంగ్ అంటారు,” అంది హలీమా. “పాతకాలం రాళ్ళ మీద పాండురంగ అని ఉండాదంట. ఆ రాళ్ళు మాకు చదివేకి రాదు. ఫ్రెంచి దొర ఒకాయన వచ్చి చదివి చెప్పినాడని మా తాత చెప్తాండె.”

శెట్టిగారు మళ్ళీ చెప్పించుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సముద్రం అవతల, ఓడలో ఎన్ని దినాలో పట్టే చోట, పాండురంగ అనే రాజ్యం ఉండేదా అన్నాడు. ఉండేదనీ, తాము చామ్ అనే జనమనీ, ఆ దేశాన్నంతా వియత్నాం అంటున్నా తాము వేరేననీ ఆమె చెప్పింది. కొండ మీద ఇటుక గోపురాలు ఉన్నాయంది. పూర్వపు రాజులనే అందులో దేవుళ్ళుగా కొలుస్తారట. చామ్ వాళ్ళలో కొందరు గోపురానికి పోతారు, కొందరు మసీదుకు పోతారు. ఆమెది మసీదుకు పోయే ఇల్లు. కానీ గోపురం పండగకు ఈ పెద్దలు పోవాలి, మసీదు పండగకు ఆ పెద్దలు రావాలి, లేకపోతే పండగే కాదట. శెట్టిగారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఆమెకు చేతులు జోడించాడు. ఎందుకు జోడించాడో ఆయనకే తెలియదనుకుంటాను.

అంత సంబరంగా వినని వాళ్ళూ ఉన్నారు. మా మసీదు పెద్ద జమాలుద్దీన్ వచ్చి నాయనతో కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, పద్ధతి గల మనిషి. ఆమెను నమాజు గురించి, ఉపవాసాల గురించి అడిగాడు. తమ ఊళ్ళో అందరి తరఫునా అచార్లు అనే పెద్దలే నెలంతా మసీదులో ఉండి ఉపవాసం చేస్తారని ఆమె చెబితే ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. మూటలోని మట్టిని ఇక్కడ సమాధి చెయ్యాలన్న ఆమె కోరికకు మాత్రం ఒప్పుకోలేదు. చనిపోయినవాడికి అక్కడే సమాధి అయింది, ఇక్కడ దువా చేద్దాం, అంతే గానీ మట్టికి సమాధి ఏ కితాబులోనూ లేదన్నాడు. నాయన తల వంచుకున్నాడు. అవ్వ గోడవైపు తిరిగి పడుకుని అంతా విన్నది.

పన్నెండో రోజు పొద్దున అవ్వ నన్ను లేపి, పెనుకొండకు పోదామంది. మట్టి సంగతి బాబయ్య దర్గాలో అడగాలట. గూట్లో మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత హలీమా వైపు చూడకుండానే, “దాన్నీ రమ్మను,” అంది.

బస్సు దిగి కోట దారిలో నడిచాం. అవ్వ నా భుజం పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి మేమిద్దరం మధ్యమధ్య ఆగాల్సి వచ్చేది. పెనుకొండకు నేను ప్రతి ఉరుసుకూ వచ్చినదాన్నే. కూలిన గోడలు, పడిపోయిన మండపాలు, వాటి మధ్య మేకలు, ఎండుతున్న పిడకలు. ఎప్పుడూ కన్నెత్తి చూసినదాన్ని కాను. హలీమా మాత్రం గగనమహల్ ముందు నిలబడిపోయింది. కొండ మీదికి పాకుతూ పోయిన గోడను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. ఎవరుండేవాళ్ళని అడిగింది. విజయనగరం పాడయ్యాక రాజులు ఇక్కడికి వచ్చి ఉన్నారని స్కూల్లో చెప్పింది చెప్పాను. తర్వాత ఎక్కడికి పోయారని అడిగింది.  నేను ఎన్నడూ అనుకోలేదు, పోయినవాళ్ళు ఎక్కడికో పోయి ఉంటారని.

“మావాళ్ళూ ఇట్లనే జరుగుతా జరుగుతా వచ్చిరి,” అంది.

ఆ నడకలోనే ఆమె తన జనం కథ చెప్పింది. వెయ్యేళ్ళకు మించి సముద్రం ఒడ్డున ఏలారట. ఉత్తరం నుంచి వియత్నాం రాజులు ఒక్కో కొండ, ఒక్కో ఏరు ఆక్రమించుకుంటూ వస్తుంటే, వీళ్ళు దక్షిణానికి జరిగి జరిగి చివరకు పాండరాంగ్ ఒక్కటే మిగిలింది. ఆమె తాతకు తాత కాలంలో అదీ పోయింది. ఆ తర్వాత ఫ్రెంచి వాళ్ళొచ్చి గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ ఒకే గాటన కట్టారు. కొండ మీదికి రైలు వేస్తామని మనుషులను పట్టుకుపోయారు. హలీమా వాళ్ళ నాయన అక్కడ రాళ్ళు మోశాడు, ఆయనతో పోయిన ఆయన అన్న తిరిగి రాలేదు. అదే దొరలు గోపురాల చుట్టూ పెరిగిన చెట్లు కొట్టించారు, రాళ్ళ మీది రాత చదివారు, బొమ్మలను పెట్టెల్లో పెట్టించి తీసుకుపోయారు. గోపురాన్ని కొలిచిన టేపుతోనే వాళ్ళ అవ్వ తలను కూడా కొలిచి పుస్తకంలో రాసుకున్నారట. ఆమె కోపంగా చెప్పలేదు. నిన్న జరిగినట్టు చెప్పింది. నేను ఆమె వెనక నడుస్తూ మా గోడలను మొదటిసారి చూస్తున్నాను. 

శివాలయం ముందు నంది దగ్గర ఆమె మళ్ళీ ఆగింది. వంగి దాని మూతిని తాకింది. తమ గోపురంలో కూడా ఇదే ఎద్దు, ఇట్లాగే మోకాళ్ళు మడిచి కూర్చుని ఉంటుందని, వరి బాగా పండాలని రైతులు దాని నోటి దగ్గర మేత పెడతారని చెప్పింది. పక్కనే గడ్డి పీకి రాతి మూతి ముందు పెట్టింది. గుడిలోంచి ఎవరో తొంగి చూసి లోపలికి పోయారు.

దర్గాలో మొక్కుకుని వచ్చి అవ్వ నీడలో మెట్టు మీద కూర్చుంది. మూట ఒళ్ళోనే ఉంది. మొదటిసారి హలీమా ముఖంలోకి చూసింది.

“ఇంత దూరం ఎందుకొచ్చినావు నువ్వు? మొగుడు పోయినాడు. మీ వాళ్ళు ఆడుండారు. మట్టిని ఆడనే ఉండనీకుండా?”

హలీమా మెట్టు కింద నేల మీద కూర్చుంది.

“మా తావు మగోడు ఆలి ఇంటికి వచ్చి బతుకుతాడు,” అంది. “బతికినన్నాళ్ళే మావాడు. సచ్చిపోతే వాళ్ళమ్మ వాళ్ళవాడు. వాళ్ళమ్మ తట్టు వాళ్ళను పూడ్చిన తావునే పూడ్చల్ల. మా నాయన పోతే మా అమ్మ మూడు దినాలు ఎద్దులబండిలో పోయి నాయన వాళ్ళమ్మ వాళ్ళకి అప్పజెప్పె. నేను అప్పజెప్పకపోతే తప్పు నాది. బొమికెలు తేనీల్యా విమానంలో. మట్టి తెచ్చినా.”

 పదిహేనేళ్ళు అవ్వ ఎవరిని తిట్టుకుందో ఆ మనిషే, కొడుకు తన తల్లికి చెందాలని దేశాలు దాటి వచ్చి కూర్చుంది. దర్గాలో ఎవరో ఊదు వేశారు. అవ్వ మూట ముడి విప్పింది. ఎర్రమట్టి అనుకున్నాను నేను. కాదు, తెల్లటి ఇసుకలాంటి మట్టి, సముద్రపు మట్టి. అందులో అవ్వ వేలు పెట్టి, కొంచెం తీసి, చెంపకు రాసుకుంది. అప్పుడు ఏడ్చింది. హలీమా కదలకుండా కూర్చుంది. నేను ఎటు చూడాలో తెలియక కొండవైపు చూశాను.

మర్నాడు అవ్వ జమాలుద్దీన్‌ను ఇంటికి పిలిపించింది. శ్మశానంలో తన తల్లి సమాధి పక్కన తనకంటూ చెప్పిపెట్టుకున్న చోటు ఉంది. అందులో సగం కొడుక్కి ఇస్తానంది. కితాబులో ఉందా లేదా అని తాను అడగడం లేదంది. ఆయన నాయన వైపు చూశాడు, నాయన హలీమా వైపు చూశాడు. చివరికి జమాలుద్దీన్ లేచి, “మట్టిని మట్టిలో పెట్టేకి నా ఒప్పుదల ఎందుకమ్మా,” అన్నాడు. ఆయనే వచ్చి ఫాతెహా చదివాడు. మా ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. ఆ రోజు అవ్వ, హలీమా పోయారు, ఎవరూ అడ్డు చెప్పలేదు.

మూడో రోజు హలీమా సంచి సర్దుకుంది. వచ్చిన పని అయిపోయిందంది. ఎక్కడికి పోతావంటే సంచి ముడి బిగించింది. వెనక్కి పోవడానికి కాగితాలు లేవు. మా అమ్మ, నాయన ఉండమన్నారు. ఆమెకు అది అర్థం కాలేదు. మొగుడు లేని ఇంట్లో, మొగుడి అన్న ఇంట్లో, ఏ లెక్కన ఉంటారని అడిగింది. అవ్వ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. 

సెలవు తీసుకోవడానికి శెట్టిగారి అంగడికి వెళ్ళాం. అక్కడ ఆయన ధర్మవరం పట్టుచీర ఒకటి ఎవరికో చూపిస్తున్నాడు. హలీమా అడగకుండానే కొంగు అందుకుని తిరగేసింది. వెనకవైపు పోగులను గోటితో వేరు చేస్తూ ఒక్కొక్కటి లెక్కపెట్టింది. తర్వాత ఇది నేసినవాళ్ళు ఎక్కడ ఉంటారని అడిగింది. అప్పుడు తెలిసింది, ఆమె ఊళ్ళో ఆడవాళ్ళంతా నేతగత్తెలేనని, ఆమె ఆరేళ్ళప్పటి నుంచి నేస్తోందని. అంతవరకు మేమెవ్వరం అడగలేదు.

శెట్టిగారు మర్నాడే మమ్మల్నిద్దరినీ ధర్మవరం తీసుకుపోయాడు. ఆయనకు చీరలు నేసిచ్చే అమృతవల్లి ఇంట్లో నాలుగు మగ్గాలు. భర్త పోయాక ఆమే నడిపిస్తోంది. హలీమా గుంటమగ్గం ఎన్నడూ చూడలేదు. వాళ్ళది నడుముకు పట్టీ కట్టుకుని నేల మీద కూర్చుని నేసే మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి, తొక్కుడు చెక్కలను పాదాలతో తడిమి చూసుకుంది. మొదటి రోజు పోగులు తెంపింది. రెండో రోజూ తెంపింది. అమృతవల్లి కొడుకులు ముసిముసిగా నవ్వారు. ఆ వారం మేం అక్కడే ఉండిపోయాం. ఎనిమిదో రోజుకు ఆమె జానెడు అంచు నేసింది. గోపురం మీద గోపురం, మధ్యలో బల్లి పాదంలాంటి ఒక గుర్తు. అమృతవల్లి దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కొడుకులను పిలిచి చూపించి, ఇది మనకు రాదురా అంది. నేనూ చూశాను. నేసేటప్పుడు ఆమె కాగితం మీద గీసుకోలేదు, ఎవరినీ అడగలేదు. రాజ్యం పోయిన జనం వేళ్ళలో ఇది ఎట్లా మిగిలిందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. ఆ రోజే నేను కూడా నేర్చుకుంటానని చెప్పి ఆమెతో అక్కడే ఉండిపోయాను.

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు నాయన అవ్వను తీసుకుని ధర్మవరం వచ్చాడు. అవ్వే పట్టుబట్టిందట. మగ్గం గుంట పక్కన పీట వేయించుకుని కూర్చుంది. మాటల్లో అమృతవల్లి, మీ దేశంలో మీ ఇల్లు ఇప్పుడు ఎవరిదమ్మా అని అడిగింది.

“మా చెల్లెలిది,” అంది హలీమా, చేయి ఆపకుండా. “మా తావు ఇల్లు కడగొట్టు కూతురిది. ఏ అమ్మైనా కడగొట్టు కూతురి కాడనే ఉంటాది.”

“మరి కోడలో?” అంది అమృతవల్లి.

“కోడలు వాళ్ళమ్మ కాడ ఉంటాది.”

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

“నాకు కూతుర్లు ల్యా,” అంది. “ఇద్దురూ మగోళ్ళే. నీకు అమ్మ ఉండాదా?”

“ల్యా.”

“అట్లయితే నేను ఈడనే ఉంటా.”

నాయన ముఖం చూడలేకపోయాను. పెద్దకొడుకు బతికుండగా తల్లి వేరే ఇంట్లో ఉండటం ఏమిటని ఆరు నెలలు అలిగాడు. తర్వాత ప్రతి శుక్రవారం రైలెక్కి రావడం అలవాటు చేసుకున్నాడు. అమృతవల్లి ఇంటి వెనక గదిలో అవ్వ, హలీమా, నేను ఉన్నాం. అవ్వ ఇంకా ఏడేళ్ళు బతికింది. హలీమా నేసిన అంచును ధర్మవరంలో కొన్నాళ్ళు పాండురంగ అంచు అనే అడిగేవాళ్ళు. ఆ పేరు శెట్టిగారు పెట్టిందే. నేను పెళ్ళి చేసుకుని కూడా మగ్గం వదల్లేదు.

ఇదంతా తర్వాత సంగతి. ధర్మవరం వచ్చిన ఆ మధ్యాహ్నం మాత్రం అవ్వ పీట మీద అట్లాగే కూర్చుని, మీ భాషలో అమ్మను ఏమంటారని హలీమాను అడిగింది.

“ఇనా.”

అవ్వ ఆ మాటను రెండు మూడుసార్లు తనలో తాను అనుకుంది. తర్వాత, “ఏదీ, పిలువు,” అంది.

హలీమా మగ్గం ఆపింది. మా ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆమె నోట ఆ భాష మేం వినలేదు. చేతిలోని పోగును వదిలేసింది. తర్వాత పిలిచింది, ఎంతో చిన్న గొంతుతో, చిన్నపిల్లలాగా. అవ్వ “ఆఁ” అంది.